క్లిక్‌లు వస్తున్నా లీడ్స్ రావట్లేదా? యాడ్ జోలికి అప్పుడే వెళ్లకండి

క్యాంపెయిన్ మొదలై వారం తిరక్కముందే వచ్చే ఫోన్ ఇది: "సీటీఆర్ (యాడ్ చూసినవాళ్లలో నొక్కినవాళ్ల శాతం) బాగానే ఉంది, క్లిక్‌లూ పడుతున్నాయి, లీడ్స్ (పేరూ నంబరూ ఇచ్చినవాళ్ల) షీట్ చూస్తే ఖాళీ. యాడ్ మార్చేద్దామా?" ఆ వెంటే పుకార్లు. అల్గారిథమ్ మారిందట. క్లిక్‌లన్నీ బాట్‌లేనట. ఈ నెల ఎవరికీ రావట్లేదట. రోజూ డబ్బు కరిగిపోతుంటే కంగారు పడటంలో తప్పేమీ లేదు. కానీ ఆ కంగారులో టార్గెటింగ్ (యాడ్ ఎవరికి చూపాలన్న సెట్టింగ్) తిరగేసి, అప్పుడప్పుడే కుదురుకుంటున్న బిడ్డింగ్‌ని (క్లిక్‌కి ఎంత పెట్టాలో సిస్టమ్ వేసుకునే లెక్కని) మళ్లీ మొదటికి తెస్తారే, నష్టం అక్కడ మొదలవుతుంది.

అపోహ: క్లిక్ తెచ్చేవరకే మార్కెటింగ్. పేజీ సంగతి డిజైనర్ చూసుకుంటాడు.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినేది ఈ నమ్మకమే. లెక్క వేసి చూడండి. 1000 క్లిక్‌లకు 2 శాతం కన్వర్షన్ (వచ్చినవాళ్లలో లీడ్‌గా మారినవాళ్లు) అంటే 20 లీడ్స్. 30 కావాలంటే ఇంకో 500 క్లిక్‌లు కొనాలి. లేదా పేజీని 3 శాతానికి తేవాలి, అప్పుడు ఉన్న క్లిక్‌లే చాలు. పైగా గూగుల్ యాడ్స్ క్వాలిటీ స్కోర్ (యాడ్ నాణ్యతకు గూగుల్ వేసే మార్కు) లోని మూడు భాగాల్లో ల్యాండింగ్ పేజీ ఎక్స్‌పీరియన్స్, అంటే యాడ్ నొక్కగానే తెరుచుకునే పేజీ ఎలా ఉందన్నది, ఒకటి. పేజీ బాగాలేకపోతే ఆ దెబ్బ క్లిక్ ధర మీదా పడొచ్చు.

జనం ఎక్కడ జారిపోతున్నారో ఆఫీసు వైఫైలో, పెద్ద మానిటర్ మీద కనబడదు. ఓ మామూలు ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా మీద, యాడ్‌లో ఉన్న లింకునే తెరవండి. మీ యాడ్ మీద మీరే నొక్కి క్లిక్ ఖర్చు చేసుకోవద్దు, ప్రివ్యూ చాలు.

ముందు హెడ్‌లైన్. యాడ్‌లో "ఉచిత డెమో" అని ఉంటే పేజీ తెరవగానే ఆ మాటే కనబడాలి. "నాణ్యతే మా ఊపిరి" అని ఉన్న హోమ్ పేజీకి తీసుకెళ్తే, దారి తప్పామనుకుని బ్యాక్ నొక్కుతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

తర్వాత బ్రౌజర్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌లు చాలావరకు క్రోమ్‌లోనో సఫారీలోనో కాకుండా ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. క్రోమ్‌లో చేసుకున్న లాగిన్‌లు అక్కడ ఉండవు. అలాంటి ఎంబెడెడ్ బ్రౌజర్లలో సైన్ ఇన్‌ని గూగుల్ అనుమతించదు. మీ పేజీలో మొదటి మెట్టే "గూగుల్‌తో సైన్ ఇన్" అయితే అక్కడే ఆట ముగిసింది. మామూలు ఫారం కూడా పక్కన పెట్టండి.

వేగానికి కొలతలున్నాయి, ఊహించుకోనక్కర్లేదు. ఎల్‌సీపీ (తెర మీది అతి పెద్ద భాగం కనబడటానికి పట్టే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కాక పేజీ స్పందించడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (లోడ్ అవుతూ పేజీ ఎంత జరుగుతోందన్న కొలత) 0.1 లోపు ఉండాలి. అదీ వచ్చినవాళ్లలో కనీసం 75 శాతం మందికి. తరచూ జరిగే పొరపాటు ఏంటంటే, పైన కనిపించే బ్యానర్ బొమ్మకి కూడా లేజీ లోడింగ్ (స్క్రోల్ చేసి దగ్గరికి వచ్చాకే బొమ్మను లోడ్ చేయడం) పెట్టేయడం. కింది బొమ్మలకు అది మంచిదే, పైదానికి మాత్రం ఎల్‌సీపీని వెనక్కి లాగుతుంది. బొమ్మలకు వెడల్పు, ఎత్తు రాయకపోతే అవి లోడ్ అయినప్పుడల్లా పేజీ కిందికి జరుగుతుంది. వేలు బటన్ మీదకి వెళ్లేసరికి బటన్ అక్కడ ఉండదు.

ఇక ఫారం. ఒక్క ఫోన్ నంబర్ ఫీల్డునే దగ్గరగా చూడండి. నొక్కగానే అంకెల కీప్యాడ్ బదులు అక్షరాల కీబోర్డు లేచిందా? ఇన్‌పుట్ టైప్‌ని టెక్స్ట్ అని వదిలేశారు, టెల్ అని ఉండాలి. ఐఫోన్‌లో పేజీ ఉన్నట్టుండి జూమ్ అయిందా? ఫీల్డులో ఫాంట్ 16 పిక్సెళ్ల కంటే చిన్నది. ఆటోఫిల్ ఒక్కోసారి దేశం కోడ్‌తో, మధ్యలో ఖాళీతో నంబర్ నింపుతుంది. వాలిడేషన్ (నింపింది సరైందో కాదో చూసే కోడ్) ఏమో ఉత్త అంకెలే కావాలంటుంది. ఎర్రగా "ఇన్‌వ్యాలిడ్" అని వస్తుంది, ఏది తప్పో చెప్పదు. తన నంబరే తప్పంటే మనిషి ఇంకేం సరిచేస్తాడు? ట్యాబ్ మూసేస్తాడు. ఖాళీలూ హైఫన్లూ మనమే తీసేసుకోవడం రెండు లైన్ల కోడ్. ఓటీపీ ఫీల్డుకు ఆటోకంప్లీట్ విలువ వన్-టైమ్-కోడ్ అని ఇస్తే, సపోర్ట్ చేసే ఫోన్లలో మెసేజ్‌లోని కోడ్‌ను కీబోర్డే చూపిస్తుంది. ప్లేస్‌హోల్డర్‌ని (ఖాళీ ఫీల్డు లోపల లేతగా కనబడే మాటని) లేబుల్‌గా వాడొద్దు, టైప్ చేయడం మొదలెట్టగానే అది మాయమవుతుంది. ఇవేవీ డిజైనర్ ఫిగ్మా ఫైల్‌లో కనబడవు. అక్కడ ఫారం ఎప్పుడూ సరిగ్గానే నిండి ఉంటుంది, నెట్ ఎప్పుడూ వేగంగానే ఉంటుంది.

చివరగా ట్రాకింగ్. కన్వర్షన్ ట్యాగ్‌ని (లీడ్ వచ్చిందని యాడ్ ఖాతాకి చెప్పే కోడ్‌ని) సబ్మిట్ బటన్ నొక్కుడుకి కట్టేస్తే, ఎర్రర్ వచ్చి ఆగిపోయినవాళ్లు కూడా లీడ్స్ లెక్కలోకి వస్తారు. డ్యాష్‌బోర్డ్‌కీ షీట్‌కీ పొంతన ఉండదు, ఆటోమేటిక్ బిడ్డింగ్ ఆ తప్పు లెక్క చూసే నేర్చుకుంటుంది. ఫారం నిజంగా చేరాకే ట్యాగ్ పనిచేయాలి. దీనికి తిరకాసు ఇంకోటి: మధ్యలో రీడైరెక్ట్ (ఇంకో అడ్రస్‌కి మళ్లింపు) ఉండి జీక్లిడ్ (gclid, ఏ క్లిక్ నుంచి వచ్చారో చెప్పడానికి గూగుల్ యాడ్స్ లింకుకి తగిలించే గుర్తు) రాలిపోతే, వచ్చిన లీడ్ యాడ్ ఖాతాలో పడదు. లింకు చివర జీక్లిడ్‌కి టెస్ట్ అని విలువ ఇచ్చి తెరవండి. చివరి పేజీ అడ్రస్‌లో అది మిగిలి ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా లీడ్స్ రాకపోతే, అప్పుడు యాడ్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: బటన్ రంగు మారిస్తే చాలు. ఏ/బీ టెస్ట్‌లో (కొందరికి ఒక రూపం, కొందరికి ఇంకోటి చూపి పోల్చితే) రెండు రోజుల్లోనే తేలిపోయింది.

గెలిచే రంగంటూ ఏదీ లేదు. చుట్టూ ఉన్నవాటిలోంచి బటన్ వేరుగా కనబడాలి, దాని మీది అక్షరాలకు కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, నొక్కితే ఏం జరుగుతుందో ఆ అక్షరాలే చెప్పాలి. అంతే. టెస్ట్ విషయానికొస్తే, 2 శాతం కన్వర్షన్ 2.4కి పెరిగిందని నమ్మకంగా చెప్పాలంటే, మామూలుగా వాడే 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనుకునే అవకాశం) లెక్కన, ఒక్కో వేరియంట్‌కి దాదాపు 20,000 మంది కావాలి. రోజూ తొంగిచూసి, ముందున్నది గెలిచిందని ఆపేయడం బొమ్మా బొరుసూ వేసి తేల్చడానికి పెద్ద దూరం కాదు. అంత ట్రాఫిక్ లేనివాళ్లు టెస్ట్ మానేసి, ఓ ఐదుగురికి ఫోన్ చేతికిచ్చి ఫారం నింపమని పక్కన మాట్లాడకుండా కూర్చోవడం నయం.

అపోహ: మూడు క్లిక్‌లు దాటితే జనం వెళ్లిపోతారు. వెళ్లరు. తర్వాత ఏం వస్తుందో తెలియనప్పుడు వెళ్లిపోతారు.

అపోహ: ఎవరూ స్క్రోల్ చేయరు, అంతా పైనే కుక్కాలి. స్క్రోల్ చేస్తారు, పైన కారణం దొరికితే.

అపోహ: పేజీ తెరవగానే పాప్‌అప్ వేస్తే లీడ్స్ పెరుగుతాయి. మొబైల్‌లో సెర్చ్ నుంచి వచ్చినవాళ్లకు విషయాన్ని కప్పేసే పాప్‌అప్‌లుంటే ర్యాంకింగ్ తగ్గొచ్చని గూగుల్ 2017 జనవరి నుంచే అమలు చేస్తోంది. చదివాక వేయండి, మూసే గుర్తును వేలికి అందేంత పెద్దదిగా పెట్టండి.

అపోహ: ఫారంలో ఫీల్డులు ఎంత తగ్గిస్తే అంత మంచిది. లీడ్స్ సంఖ్య పెరగొచ్చు. సేల్స్ వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు తగ్గొచ్చు కూడా. ఒక్కో ఫీల్డు దగ్గర సేల్స్ టీమ్‌ని అడగండి: ఈ జవాబును బట్టి మీరు చేసే పని ఏమైనా మారుతుందా? మారదంటే తీసేయండి. మారుతుందంటే ఉంచి, ఎందుకు అడుగుతున్నారో దాని కిందే ఒక్క లైనులో రాయండి.