కాస్మెటిక్ సర్జరీ: ఎవరి కళ్లతో చూసుకుంటున్నారు?

ముక్కు సరిచేయించుకోవాలనో పొట్ట తగ్గించుకోవాలనో ఆపరేషన్‌కి సిద్ధపడ్డ ఆడవాళ్లని ఎందుకూ అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, "ఎవరి కోసమో కాదు, నా కోసమే." విన్నవాళ్లలో కొందరు భలే ధైర్యం అని మెచ్చుకుంటారు, ఇంకొందరు అందం పిచ్చి అని మొహం తిప్పుకుంటారు. నాకైతే రెండూ తొందరపాటే అనిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ప్రపంచవ్యాప్తంగా జరిగే కాస్మెటిక్ ప్రొసీజర్లలో దాదాపు 85 శాతం ఆడవాళ్లవే. ఇంత తేడా ఉన్నప్పుడు దీన్ని ఎవరి సరదా వాళ్లది అని సరిపెట్టలేం కదా.

1997లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, టామీ-ఆన్ రాబర్ట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తన ఒంటిని నలుగురూ చూడటం, వంకలు పెట్టడం చిన్నప్పటి నుంచీ గమనిస్తూ పెరిగిన అమ్మాయి, కొన్నాళ్లకి ఆ నలుగురి స్థానంలో తానే నిలబడి తనని చూసుకోవడం మొదలుపెడుతుందని దాని సారాంశం. మరుసటి ఏడాది వచ్చిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. విద్యార్థులని ఒక్కొక్కరిగా గదిలోకి పంపి, కొందరికి స్విమ్ సూట్, కొందరికి స్వెట్టర్ ఇచ్చి, అద్దం ముందు వేసుకోమని, అవే బట్టల్లో లెక్కల పరీక్ష రాయమన్నారు. స్విమ్ సూట్ వేసుకున్న అమ్మాయిలకి మార్కులు తగ్గాయి, అబ్బాయిలకి ఆ తేడా రాలేదు. గదిలో చూసేవాళ్లు ఎవరూ లేరు! అయినా మనసులో కొంత భాగం ఎలా కనిపిస్తున్నానో అన్న కాపలా పనిలోనే ఉండిపోయింది. "నా కోసమే" అనేటప్పుడు ఆ "నా"లో ఎంతమంది ప్రేక్షకులు కూర్చుని ఉన్నారో ఆమెకే తెలియకపోవచ్చు.

ఇంకో సంగతి. కాస్మెటిక్ సర్జరీకి వచ్చేవాళ్లు మొత్తం తమ రూపాన్నే అసహ్యించుకుంటారని అనుకుంటాం గానీ, చాలా అధ్యయనాల్లో అలా తేలలేదు. మిగతా శరీరంతో మామూలుగానే సర్దుకుపోతారు, బాధంతా ఏదో ఒక్క భాగం మీదే ఉంటుంది. దాని వెనక చాలాసార్లు స్కూల్ రోజుల్లో ఎవరో పెట్టిన పేరో, చేసిన వెక్కిరింపో ఉంటుంది. రొమ్ముల సైజు పెంచుకునే ఆపరేషన్‌కి వచ్చిన స్త్రీలలో ఇలాంటి ఎగతాళి అనుభవాలు ఎక్కువని పరిశోధకులు గమనించారు.

పైగా మన మొహం మనకి సరిగ్గా తెలియదు. 1977లో జరిగిన ఒక ప్రయోగంలో ఆడవాళ్లకి అద్దంలో కనిపించినట్టు తిప్పి ముద్రించిన తమ ఫొటో నచ్చింది, వాళ్ల స్నేహితులకి మాత్రం మామూలు ఫొటోనే నచ్చింది. ఎవరికి అలవాటైనది వాళ్లకి అందం, అంతే. ఇప్పుడు అద్దం బదులు సెల్ఫీ వచ్చింది. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్క కట్టారు. లోపం ముక్కులో కాదు, చెయ్యి పొడవులో!

సరే, ఆపరేషన్ తర్వాత సంతోషంగా ఉంటారా? ఇక్కడ సాక్ష్యం రెండు వైపులా లాగుతుంది. 2013లో వెలువడిన జర్మన్ అధ్యయనంలో చేయించుకున్నవాళ్లు, కోరిక ఉండీ చేయించుకోనివాళ్లకంటే ఏడాది తర్వాత ఎక్కువ ఆత్మవిశ్వాసంతో ఉన్నారు. అంతకు ముందు ఏడాది నార్వే నుంచి వచ్చిన అధ్యయనం మాత్రం టీనేజ్ అమ్మాయిలని ఏళ్ల తరబడి గమనించి, డిప్రెషన్, ఆందోళన లక్షణాలున్నవాళ్లే తర్వాత సర్జరీ వైపు ఎక్కువగా వెళ్లారనీ, చేయించుకున్నాక ఆ లక్షణాలు తగ్గకపోగా పెరిగాయనీ చెప్పింది. వీటిని ఒకదానితో ఒకటి కొట్టేయనక్కర్లేదు అనుకుంటాను, ఎందుకంటే ముక్కు వంకర పోవాలని కోరుకున్న మనిషికి ముక్కు వంకర పోతుంది, కానీ దాంతోపాటు ఒంటరితనం పోవాలనో భర్త మళ్లీ దగ్గరవ్వాలనో ఆశ పెట్టుకున్న మనిషికి సర్జన్ చేయగలిగింది తక్కువ.

అందుకే జాగ్రత్తగల సర్జన్లు మొదట అడిగేది "తర్వాత మీ జీవితంలో ఏం మారుతుందనుకుంటున్నారు?" అని. ఇతరులకి కనిపించీ కనిపించని లోపం గురించి గంటల తరబడి అద్దం ముందు కుమిలిపోయే బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ జనాభాలో సుమారు 2 శాతం మందికి ఉంటుంది, ఈ క్లినిక్‌లకి వచ్చేవాళ్లలో అంతకంటే చాలా ఎక్కువ. వీళ్లకి సర్జరీతో ఊరట దొరకడం అరుదు, దిగులు ఇంకో భాగానికి మారుతుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల, అలవాట్ల తీరుని మార్చే మాటల చికిత్స), కొన్ని డిప్రెషన్ మందులు మాత్రం పనిచేస్తాయి, కాబట్టి అలాంటి మనిషిని సైకియాట్రిస్ట్ దగ్గరకి పంపడమే ఆ సర్జన్ చేయగలిగిన మంచి వైద్యం.