గాడ్సే కేసు: ఒక క్రిమినల్ లాయరు చెప్పే అపోహలు - వాస్తవాలు

క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తాను కాబట్టి గాంధీ హత్య కేసు ఊసొస్తే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను పట్టుకుంటారు. వాళ్లు చెప్పేదానికీ తీర్పులో ఉన్నదానికీ చాలాసార్లు పొంతనే ఉండదు.

అపోహ: దేశవిభజన పంపకాల్లో పాకిస్తాన్‌కు రావలసిన 55 కోట్లను గాంధీ ఇప్పించారన్న కోపంతోనే గాడ్సే చంపాడు.

ఎక్కువగా వినిపించేది ఇదే, తేదీలు పక్కపక్కన పెడితే నిలవనిదీ ఇదే. 1948 జనవరి 12న గాంధీ దీక్ష ప్రకటించింది ఢిల్లీలో మతకల్లోలాలు ఆగాలని, అందులో 55 కోట్ల మాటే లేదు. ఆ డబ్బు ఇచ్చేస్తామని ప్రభుత్వం చెప్పింది 15న. గాడ్సే మాత్రం 13, 14 తేదీల్లోనే తన బీమా పాలసీలకు నామినీలను రాసేశాడు, 2 వేలది ఇదే కేసులో తోటి ముద్దాయి నారాయణ్ ఆప్టే భార్య పేర, 3 వేలది తమ్ముడు గోపాల్ భార్య పేర. మా వృత్తిలో ఇలాంటి కాగితం ఒకటి దొరికితే పదిమంది సాక్షుల పెట్టు. డబ్బు సంగతి తేలకముందే ఈ మనిషి తను తిరిగిరానని తేల్చేసుకున్నాడు.

అపోహ: ఒక్కడే చేశాడు, దర్జాగా ఒప్పుకున్నాడు.

కాల్చింది నేనే అన్నాడు, నిజమే. కుట్ర మాత్రం లేదన్నాడు, మెలికంతా అక్కడే ఉంది, ఎందుకంటే కుట్ర రుజువైతే మిగతావాళ్ల మెడకూ చుట్టుకుంటుంది. హైకోర్టులో కూడా హత్య శిక్ష జోలికి పోకుండా కుట్ర మీదే అప్పీలు వేసి, లాయరు లేకుండా తనే వాదించుకున్నాడు. కోర్టు నమ్మలేదు. జనవరి 20న ఢిల్లీలో గాంధీ ఉంటున్న బిర్లా హౌస్‌లో బాంబు పేల్చి, కుట్రలో మరొకడైన మదన్‌లాల్ పహ్వా దొరికిపోయాడు. అప్పటికి గాడ్సే, ఆప్టే మెరీనా హోటల్లో దేశ్‌పాండేలమని రాయించి దిగి ఉన్నారు. హడావుడిగా గది ఖాళీ చేస్తూ ఉతకడానికి వేసిన బట్టలు వదిలేసి పోయారు. వాటిమీద ‘ఎన్.వి.జి.’ అని గుర్తు. నాథూరాం వినాయక్ గాడ్సే! రిజిస్టర్లో పేరు మార్చారు గానీ బట్టల సంగతి మర్చిపోయారు. అయినా జనవరి 30న హత్య జరిగేదాకా ఆ పది రోజుల్లో పోలీసులు అతన్ని పట్టుకోలేకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.

అపోహ: సావర్కర్ కడిగిన ముత్యమని కోర్టు తేల్చింది. (అవతలి పక్షం మాట: కావాలనే వదిలేశారు.)

రెండూ తప్పే. హిందూ మహాసభ నాయకుడు సావర్కర్ కూడా ఈ కేసులో ముద్దాయే. అతని మీద ప్రధాన సాక్ష్యం అప్రూవర్ (నేరంలో పాలుపంచుకుని, క్షమాభిక్షకు బదులుగా ప్రభుత్వం తరఫు సాక్షిగా మారినవాడు) దిగంబర్ బడ్గే మాట. అప్రూవర్ చెప్పినదానికి బయటి నుంచి వేరే ఆధారం తోడవకపోతే శిక్ష వేయడం ప్రమాదం, మేం రోజూ వాదించే పాయింటే ఇది. జడ్జి ఆత్మచరణ్ ఆ లెక్కనే విడుదల చేశారు, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. హత్య వెనక కుట్రను విచారించిన కపూర్ కమిషన్ 1969 నివేదికలో సావర్కర్ వైపే వేలు చూపింది. కాకపోతే కమిషన్ కోర్టు కాదు.

అపోహ: గుట్టుచప్పుడు కాకుండా విచారణ ముగించారు.

ఢిల్లీ ఎర్రకోటలో పెట్టిన ప్రత్యేక కోర్టులో 149 మంది ప్రాసిక్యూషన్ సాక్షులు సాక్ష్యం చెప్పారు, గుట్టెక్కడిది? గాడ్సే కోర్టులో చదివిన వాంగ్మూలాన్ని అచ్చు వేయకుండా ప్రభుత్వం నిషేధించింది, పుకారుకు అదే మూలం అయ్యుంటుంది. ఏడుగురికి శిక్ష పడితే హైకోర్టు ఇద్దరిని వదిలేసింది, అందులో ఒకడు బడ్గే దగ్గర పనిచేసిన శంకర్ కిస్టయ్య, యజమాని చెప్పింది చేసినవాడు.

ఉరి వద్దని అడిగినవాళ్లలో గాంధీ కొడుకులు మణిలాల్, రామదాస్ కూడా ఉన్నారు. ప్రభుత్వం వినలేదు. 1949 నవంబరు 15న అంబాలా జైల్లో గాడ్సేనూ ఆప్టేనూ ఉరితీశారు.