బోటు అడుగు చూశారా?

ఒరేయ్ పిల్లలూ,

మొన్న ఆదివారం గుడి నుంచి వస్తుంటే మీలో పెద్దది అడిగింది కదా, "తాతయ్యా, ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకున్న అంకుల్ నిన్న ఆటో అతన్ని అంతేసి మాటలన్నాడు, మరి రక్షణ పొంది ఏం మారినట్టు?" అని. ఆ పూటకి బజ్జీలు కొనిపెట్టి తప్పించుకున్నాను గానీ అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో చేపల వేట బంద్ కదా. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లని రిపేర్లకి పైకి లాగేది ఇప్పుడే. నీళ్ళలో ఉన్నంతసేపూ రంగులేసుకుని పెళ్ళికొడుకులా ఉంటుంది, పైకొచ్చాక అడుగు చూస్తే నాచు, దాని మీద చేతికి గీసుకునేంత గరుకుగా గుల్లలు. ఎంత మంచి ఇంజనున్నా బోటు తనంతట తాను గట్టెక్కలేదర్రా, ఎవరో తాడేసి లాగాలి. "ముందు నాచు వదిలించుకుని రా, అప్పుడు లాగుతా" అని ఎవరూ అనరు, నాచుతోనే లాగుతారు. కృప అంటే అదే. ఖర్చంతా ఓనరుదే, మన ఖర్చు యేసు సిలువ మీద చెల్లించేశాడని మన నమ్మకం. లాగడం ఒక్కపూటలో అయిపోతుంది, గీకడం మాత్రం రోజులు పడుతుంది. అంకుల్ గట్టెక్కాడు, గీకుడు ఇప్పుడే మొదలైంది.

కానీ బోటుకి సిగ్గుండదు, మనిషికుంటుంది. నా చిన్నప్పుడు సండేస్కూల్లో కానుకల సంచిలోకి పిడికిలి పెట్టి, పది పైసలు వెయ్యకుండా అదే పిడికిలితో బయటికి తీసేవాణ్ణి. సాయంత్రం బీచిలో మురీ మిక్స్చర్‌కి. టీచరమ్మ చూసింది. తిట్టలేదు. తర్వాతి వారం నుంచి సంచి పట్టుకుని తిరిగే పని నాకే ఇచ్చింది! ఆ గుడ్డ సంచి అంత బరువు నేను మళ్ళీ ఏదీ మొయ్యలేదు. మూడు వారాలు మిక్స్చర్ మానేసి పాత బాకీ తీర్చాను. (ఆ తర్వాత అబద్ధాలాడలేదా అంటే, మీ నాయనమ్మనడగండి.)

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్యదీ ఇదే కథ. యెరికోలో సుంకాలు వసూలు చేసేవాళ్ళకి పెద్ద, డబ్బున్నవాడు, పొట్టివాడు, జనంలో కనపడక మేడిచెట్టెక్కాడు. యేసు కిందనుంచి పేరు పెట్టి పిలిచి, ఇవాళ మీ ఇంట్లోనే దిగుతానన్నాడు. దొంగసొమ్ము ముందు కక్కమనలేదు. పిలుపు ముందొచ్చింది, ఆస్తిలో సగం పేదలకిస్తా, అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు తిరిగిస్తా అనడం ఆ తర్వాతే. మధ్యలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో లూకా ఒక్క ముక్క రాయలేదు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా అక్కడికి రాగానే ఆగిపోతాను.

ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు. జూన్ 14 లోపు ఒకరోజు ఎండెక్కకముందే హార్బర్‌కి వెళ్ళి, బోటు పేరూ బొమ్మలూ కాదు, అడుగున కూర్చుని గీకుతున్న మనిషిని కాసేపు చూడండి. చెప్పులు వేసుకెళ్ళండి, గుల్ల పెంకులు గుచ్చుకుంటాయి.

మీ తాతయ్య