కాటా దగ్గర నిలబడ్డ పిల్ల

చిన్నీ, వంశీ,

దీపావళికి వచ్చినప్పుడు పత్తి తీస్తామని చేలోకి దిగి, పావుగంటకే వేళ్లు ఊదుకుంటూ గట్టెక్కారు, గుర్తుందా? ఎండిన కాయ మొన గోటి సందున గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మీకిక చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం కూలీల పత్తి తూస్తుంటే వంశీ అడిగాడు, "తూకం తప్పు చెబితే వీళ్లకెలా తెలుస్తుంది అమ్మమ్మా?" అని. నేను నోరు తెరిచేలోపే టపాసుల సంచీ కనబడింది, ఇద్దరూ పరుగు. అందుకే ఈ ఉత్తరం.

ఆ ప్రశ్న వినగానే నాకు విమానం నడిపిన బెస్సీ కోల్మన్ గుర్తొచ్చింది. అమెరికాలోని టెక్సాస్‌లో 1892లో పుట్టింది. నల్లజాతి కుటుంబం. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోతే తల్లే పిల్లల్ని సాకింది. తల్లికి చదువు రాదు. బెస్సీ ఒంటిగది బడికి నాలుగు మైళ్లు నడిచి వెళ్లేది. పత్తి కాలం వచ్చిందంటే ఆ బడి కూడా బంద్, అందరూ చేలోనే. లెక్కల్లో గట్టిది కాబట్టి ఇంటిల్లిపాదీ తీసిన పత్తి లెక్క తనే చూసేది. మేస్త్రీ అటు తిరిగినప్పుడు కాటా మీద ఒక కాలు వేసి తూకం పెంచేదని కూడా చెప్పుకుంటారు. (మీరు ఆ పని చెయ్యకండి. మనది ఎలక్ట్రానిక్ కాటా, ఇట్టే దొరికిపోతారు.)

ఇరవై మూడేళ్లకు చికాగో చేరింది. ఒక క్షౌరశాలలో మగవాళ్ల గోళ్లు తీర్చిదిద్దే పని. వాళ్లన్న జాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లొచ్చాడు. ఒకరోజు ఆ షాపులోనే, ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు విమానాలు నడుపుతారు, మీవల్ల ఏమవుతుంది అని వెక్కిరించాడు. ఇలాంటి అన్నలు మనకీ ఉన్నారులే. కాకపోతే ఈ చెల్లెలు ఆ మాటని పట్టుకుని వదల్లేదు.

అమెరికాలో ఒక్క విమాన బడీ ఆమెను చేర్చుకోలేదు. ఆడపిల్ల, అందులోనూ నల్లపిల్ల. 'చికాగో డిఫెండర్' పత్రిక నడిపే రాబర్ట్ అబ్బాట్ ఫ్రాన్స్ వెళ్లమన్నాడు. దానికోసం పనిచేస్తూనే ఫ్రెంచి నేర్చుకుని, 1920 నవంబరులో ఓడెక్కింది.

అక్కడ ల క్రొతోయ్ అనే ఊళ్లో కోద్రాన్ అన్నదమ్ముల బడి. నేర్చుకున్నది న్యూపోర్ విమానం మీద. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, కర్ర చట్రానికి గుడ్డ కప్పిన ఒళ్లు. కారుకున్నట్టు స్టీరింగు ఉండదు. చేతిలో ఒక కర్ర, పాదాల కింద ఒక అడ్డబద్ద. కర్ర లాగితే ముక్కు పైకి లేస్తుంది, బద్దని ఒక పక్కకు తొక్కితే తోక కదిలి ముక్కు ఆ పక్కకు తిరుగుతుంది. తోటి విద్యార్థి ఒకరు కూలి చనిపోవడం కళ్లారా చూసింది. అయినా బడి మానలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు చేతికొచ్చింది. ఆ లైసెన్సు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. అమెరికాకే చెందిన తెల్లజాతి పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్‌కి అదే లైసెన్సు వచ్చింది ఇంకో రెండేళ్లకి. పేరు మాత్రం అమీలియాదే మోగిపోయింది, నాకిది ఎప్పుడూ మింగుడుపడదు.

తిరిగొచ్చాక బతుకుతెరువు గాలిలో పల్టీల ప్రదర్శనలు. నల్లజాతి పిల్లలకు సొంతంగా ఒక విమాన బడి పెట్టాలని డబ్బు కూడబెట్టేది. 1923లో కాలిఫోర్నియాలో ఇంజిన్ ఆగి కూలిపోతే కాలు, పక్కటెముకలు విరిగాయి. కోలుకుని మళ్లీ ఎక్కింది. తను పెరిగిన వాక్సహాచీలో ప్రదర్శన పెడితే, తెల్లవాళ్లకొక గేటు, నల్లవాళ్లకొక గేటు అన్నారట. ఒకటే గేటు ఉంటే తప్ప విమానం ఎక్కనని కూర్చుంది. గేటు ఒకటే అయింది గానీ లోపల కూర్చునేచోటు మాత్రం విడివిడిగానే ఉంచారు.

కొత్త విమానం కొనే స్తోమత లేదు. 1926లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ప్రదర్శన కోసం ఒక పాతది కొంది. దాన్ని డాలస్ నుంచి తెచ్చిన మెకానిక్ విలియం విల్స్ దారిలో మూడుచోట్ల దించాల్సి వచ్చింది. ఏప్రిల్ 30న అతను నడుపుతుంటే, పారాచూట్‌తో దూకాల్సిన చోటు వంగి చూడాలని ఆమె బెల్టు పెట్టుకోలేదు. విమానం ఉన్నట్టుండి తలకిందులైంది. ఆమె దాదాపు రెండు వేల అడుగుల ఎత్తు నుంచి పడి చనిపోయింది. విల్స్ కూడా దక్కలేదు. శిథిలాలు వెతికితే, ఎవరో వదిలేసిన పానా ఒకటి కంట్రోళ్లలో ఇరుక్కుని కనబడింది. మరమ్మతు చేసినవాళ్లు పానాలు లెక్కపెట్టుకుని ఉంటే సరిపోయేది. చిన్నప్పుడు కాటా మీద నుంచి చూపు తిప్పని మనిషికి ఇలా అవడం నాకు ఇప్పటికీ బాధే.

ఆమె అనుకున్న బడి మూడేళ్ల తర్వాత, 1929లో, లాస్ ఏంజెలెస్‌లో విలియం పావెల్ పెట్టిన బెస్సీ కోల్మన్ ఏరో క్లబ్బుతో మొదలైంది.

మన దగ్గర బేగంపేట కథ ఒకటుంది. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకుంటే, ఆడ పైలట్ అంటే జనం ఎక్కరని కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఉద్యోగం ఇచ్చింది హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ కథ మీరొచ్చాక చెబుతాను, చెయ్యి నొప్పెడుతోంది.

సంక్రాంతికి మూడో తీత ఉంటుంది. ఈసారి తూకం పుస్తకం వంశీ రాయాలి, కూలీలందరికీ వినబడేలా అంకె పైకి చదివి మరీ. చిన్నీ, నీ వేళ్లకు చుట్టడానికి తాతయ్య పాత పంచె చింపి పీలికలు చేసి ఉంచాను.

మీ
అమ్మమ్మ