పంట లేని రోజుల్లో కంపునల్లులు ఎక్కడ బతుకుతాయి?

వరి కంకులు పాలు పోసుకునే వేళకు వరంగల్, హనుమకొండ, ములుగు జిల్లాల పొలాల్లో సన్నని ఒళ్లు, పొడవాటి కాళ్లు గల నల్లులు కనిపిస్తాయి. వాటి కంపు ఒడ్డు మీద నిలబడినా తెలుస్తుంది. నాట్ల నాడు గానీ, పిలక వేసే నాడు గానీ కనిపించని పురుగు సరిగ్గా గింజ పట్టే సమయానికి ఎక్కడి నుంచి వచ్చిందని రైతులు అడుగుతారు. పొలాన్ని మాత్రమే చూసినంత కాలం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే ఈ పురుగు జీవితంలో ఎక్కువ భాగం పొలం బయటే గడుస్తుంది.

కంపునల్లులన్నీ ఒకే జాతివి కావు. వరికి చేటు చేసే సన్నని నల్లి లెప్టోకొరైసా ప్రజాతికి చెందింది. పెసర, బొబ్బెర, కంది, పత్తి, టమాట మీద కనిపించే డాలు ఆకారపు ఆకుపచ్చ నల్లి పేరు నెజారా విరిడ్యులా. కుటుంబాలు వేరైనా రెండింటికీ నోటి స్థానంలో సూది వంటి తొండం ఉంటుంది. దానిని లేత గింజలోకి దించి, లాలాజలంతో లోపలి పదార్థాన్ని కరిగించి పీల్చుకుంటాయి. పాల దశలో వరి గింజను పీలిస్తే అది తాలుగా మారుతుంది, లేదా మచ్చపడి, మరలో విరిగిపోతుంది. పత్తి కాయను పొడిచినప్పుడు తొండంతో పాటు సూక్ష్మజీవులు కూడా లోపలికి చేరి దూదికి రంగు పడుతుంది.

వీటికి కావలసింది ముఖ్యంగా గింజ, అదీ లేతగా ఉన్నప్పుడే. ఏ మొక్కలోనైనా ఆ దశ కొద్ది వారాలకు మించి ఉండదు కనుక ఏడాది పొడవునా ఒక మొక్క నుంచి మరొక మొక్కకు తరలిపోవడం తప్ప కంపునల్లికి మరో దారి లేదు. 30కి పైగా వృక్ష కుటుంబాల మొక్కల మీద బతకగల నెజారా ఈ సంచారంలో ఆరితేరింది. చేలో గింజ ముదిరిందంటే అది గట్టు మీది గిలిగిచ్చకో, కామంచికో, ముళ్ల తోటకూరకో, వామింటకో, మోరీ పక్కన తనంతట తానే మొలిచిన ఆముదానికో చేరుకుంటుంది. బ్రెజిల్‌లో సోయా చిక్కుడును పీడించే నల్లుల మీద దీర్ఘకాలం పనిచేసిన శాస్త్రవేత్త ఆంటోనియో పనిజ్జి 1997లో ఈ విషయాన్ని విస్తృతంగా సమీక్షించారు. పంట మీద మాత్రమే పరిశోధన చేస్తే ఈ పురుగుల జీవితంలో ఒక ముక్కను మాత్రమే చూసినట్లవుతుందని ఆ పరిశోధనలు చదివితే స్పష్టమవుతుంది.

వరి నల్లి కథ మరింత సూటిగా ఉంటుంది. ఎండాకాలంలో పెద్ద పురుగులు గడ్డి దుబ్బుల్లో, చెట్ల నీడన పెద్దగా కదలకుండా గడిపి, తొలకరి పడగానే చురుకవుతాయి. అప్పటికి వరి ఇంకా నారుమడిలోనే ఉంటుంది. గట్ల మీద మాత్రం ఊద వంటి గడ్లు కంకి వేస్తాయి. వరి ఈనే లోగా ఈ గడ్ల మీదే ఒకటి రెండు తరాలు పెరుగుతాయి. అంటే సెప్టెంబరు, అక్టోబరులలో పొలంలో దిగే దండు జూలైలో గట్టు మీద పుట్టిందన్న మాట. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వరిని పీడించే కంపునల్లి వేరే జాతి అయినా, అది కూడా వరి ఈనక ముందు ఊద గడ్డి మీదే సంఖ్యను పెంచుకుంటుంది.

ఓరుగల్లు ప్రాంతంలో దీనికి తోడైన మరో సంగతిని నేను ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. కాకతీయ కాలువ నీళ్లు, నిండిన చెరువులు యాసంగి వరిని విస్తరింపజేశాయి. అది రైతుకు మేలే. అయితే కాలువ కట్టల వెంట, ఊట నీరు నిలిచే చోట్ల ఎండాకాలంలోనూ పచ్చదనం మిగులుతున్నది. వానాకాలం పంటకూ యాసంగికీ మధ్య, యాసంగికీ తొలకరికీ మధ్య ఉండే ఎడాన్ని ఈ మొక్కలు పూడుస్తాయి. ఒకే ఊళ్లో నాట్లు ముందూ వెనుకా పడితే ఆ ఎడం ఇంకా తగ్గిపోతుంది.

పొలం బయటి మేతను గమనిస్తే నల్లుల రాకను ముందే పసిగట్టవచ్చనడానికి జపాను ఒక ఉదాహరణ. అక్కడ పండ్ల తోటల మీద పడే కంపునల్లులు సుగి, హినోకి అనే అడవి చెట్ల కాయల మీద పెరుగుతాయి. నల్లి తొండం దించిన చోట లాలాజలం గట్టిపడి సన్నని ఒరలా మిగిలిపోతుంది. అక్కడి పరిశోధకులు అడవిలోని కాయలు కోసి, వాటిలోని ఒరలను లెక్కపెట్టి, ఆహారం ఎప్పుడు అడుగంటుతుందో, నల్లులు తోటల మీదికి ఎప్పుడు దిగుతాయో ముందుగా అంచనా వేస్తారు.

ఇదంతా విన్నవారికి గట్లన్నీ తగలబెట్టాలని తోచవచ్చు. అది తప్పు. గట్టు మీది కామంచి ఆకును తిప్పి చూస్తే ఒక్కోసారి నెజారా గుడ్ల గుంపు కనిపిస్తుంది. చిన్న పీపాల వంటి లేత పసుపు గుడ్లు, ఒక్కోదానికి ఒక మూత, ఒకదానికొకటి ఆనుకొని వరుసలుగా ఉంటాయి. వాటిలో కొన్ని నల్లబడి ఉంటే లోపల ట్రిస్సోల్కస్ కోవకు చెందిన అతి చిన్న కందిరీగ పిల్లలు పెరుగుతూ ఉండవచ్చు. నల్లి గుడ్డులోనే గుడ్డు పెట్టే ఈ పరాన్నజీవికి పూల తేనె ఆహారం, నల్లి గుడ్లే సంతానానికి ఆధారం. గట్టును బోడి చేస్తే వాటికి నిలువ నీడ ఉండదు.

కాబట్టి చూడవలసింది సమయాన్ని. గడ్డి కంకి వేయక ముందే గట్లు చెక్కితే నల్లుల తొలి తరానికి మేత దొరకదు. వరి పాలు పోసుకుంటున్నప్పుడు గింజ పట్టిన గడ్డిని కోస్తే మాత్రం దాని మీద ఉన్న నల్లులన్నీ పక్కనే ఉన్న కంకుల మీదికి చేరుతాయి. ఆలస్యమైన చోట గడ్డిని అప్పటికి అలాగే వదిలి, పొద్దున లేదా సాయంత్రం పొలం అంచు కుదుళ్లను ముందుగా పరిశీలించడం మేలు. గడ్డి నుంచి దిగే నల్లులు తొలుత కనిపించేది ఆ అంచు వరుసల్లోనే కనుక, మందు కొట్టక తప్పని పరిస్థితి వచ్చినా చాలాసార్లు ఆ వరుసలకే సరిపెట్టవచ్చు.