బుష్ బోల్టు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే బిగించాలి

పటమట, విజయవాడ

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. సెలవులకు వచ్చినప్పుడు మన మారుతి ఎయిట్ హండ్రెడ్‌కి బుష్‌లు మనమే మారుద్దామని అడిగారు కదా. తప్పకుండా మారుద్దాం. అయితే స్పానర్ పట్టుకునే ముందు కారు కింద ఏముందో మీకు తెలియాలి.

ముందు చక్రాన్ని లోపలి వైపు నుంచి పట్టి ఉంచే ఇనుప కడ్డీని లోయర్ ఆర్మ్ అంటారు. అది బాడీకి తగులుకునే చోట బుష్ ఉంటుంది. మధ్యలో చిన్న ఇనుప గొట్టం, దాని చుట్టూ మందపాటి రబ్బరు, అంతే. గుంటలో పడ్డప్పుడు ఆర్మ్ పైకీ కిందకీ కదలాలి, ఆ దెబ్బ మాత్రం బాడీకి తగలకూడదు. రెండు పనులూ ఆ రబ్బరే చేస్తుంది. బండి షెడ్డులో ఉన్నా రబ్బరుకి వయసు ఆగదు. వేడికి, గాలికి గట్టిపడి చీలుతుంది. మన ఊరి ఎండలు మీకు చెప్పక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు 'టక్' మనడం, బ్రేక్ వేస్తే ఓ పక్కకి లాగడం, టైరు ఒక అంచే అరిగిపోవడం దీని లక్షణాలు. కానీ ఆర్మ్ రెండో కొసని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు, అదే బాల్ జాయింట్, పోయినా అదే చప్పుడు వస్తుంది. అందుకే చెవిని నమ్మి సామాను కొనకూడదు. ఆర్మ్ కింద లివర్ పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. మన కారుకి ఎడమ వైపు అలా ఎత్తితే రబ్బరులో చీలిక నోరు తెరుస్తోంది, గోరు దూరేంత. కుడి వైపు ఇంకా కొంచెం నయమే, అయినా రెండూ కలిపే మార్చాలి.

జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద తల పెట్టకూడదు. గట్టి సిమెంటు నేల, వెనక చక్రాలకు అడ్డు, బాడీ కింద స్టాండ్లు, ఇవన్నీ ఉంటేనే పని. నేను పక్కన లేకుండా జాకీ ముట్టుకోవద్దు.

పాత బుష్‌ని సుత్తితో కొడితే ఆర్మ్ రంధ్రం వంకరపోతుంది. బల్లకి బిగించి ఉండే పట్టకర్ర లాంటి బెంచ్ వైస్‌లో ఒక పక్క బుష్‌ని నెట్టే చిన్న గొట్టం, రెండో పక్క అది జారి పడేంత పెద్ద గొట్టం పెట్టి వైస్ పిడి తిప్పితే మెల్లగా బయటికొస్తుంది. కొందరు మంటతో కాలుస్తారు. ఆ పొగ ఒంటికి మంచిది కాదు, మనం ఆ పని చెయ్యం. కొత్తది ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు. ఇంజన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇక అసలు సంగతి. చాలామంది తొందరపడేది ఇక్కడే. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి అతుక్కుపోతుంది, రబ్బరు బయటి అంచు ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. అంటే రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించేశారనుకోండి, బండి కిందకి దించగానే ఆ రబ్బరు తడి తువ్వాలు పిండినట్టు మెలిపడి, ఇంట్లో ఊరికే నిలబెట్టినా అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చీలిపోతుంది, జనం సామాను మంచిది కాదంటారు. అందుకని బోల్టు ముందు చేత్తో మాత్రమే పెట్టి, చక్రం వేసి, బండి దించి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి ఊపి, బరువు చక్రాల మీద కూర్చున్నాక పూర్తిగా బిగించాలి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో చూసి, ఎంత గట్టిగా బిగిసిందో చెప్పే స్పానర్, అదే టార్క్ రెంచ్‌తో బిగిద్దాం. అది మీ చేతికే ఇస్తాను.

సామానుకి ఆటోనగర్ వెళదాం. నమూనాకి పాత బుష్ ఒకటి ముందే విప్పి ఉంచుతాను. కొత్తదాన్ని దాని పక్కన నిలబెట్టి పొడవు, లోపలి బొక్క సరిపోయాయో మీరే చూడాలి. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచూడటం కూడా అక్కడే చేయిద్దాం.

చెప్పులతో రాకండి, బూట్లు తెచ్చుకోండి. బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య