పాత వాల్వ్ రేడియోలో ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు: అపోహలు - వాస్తవాలు

అటక మీద వాల్వ్ రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు బుడ్ల లాంటి వాల్వ్‌లతో నడిచేది) దొరికిందని సంబరపడి, పార్టులన్నీ ఒకేసారి పీకేసి కొత్తవి వేసి, అంతకుముందు గరగరమన్నా పలికిన సెట్టు ఇప్పుడు అసలే పలకడం లేదని పట్టుకొచ్చేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

అపోహ: పాతవన్నీ మార్చేస్తే పీడా పోతుంది.

పోదు, కొత్తది మొదలవుతుంది. ఎక్కడ తప్పు చేశారో మీకే తెలియదు కాబట్టి. కండెన్సర్లలో (ఛార్జ్‌ని నిల్వ చేసే పార్టులు) ఎలక్ట్రోలైటిక్ రకంవి లోపల ఎండిపోతాయి, మైనం పూసిన పేపర్‌వి తేమ పీల్చి లీకవుతాయి, ఈ రెండు రకాలూ మార్చాల్సిందే. మైకా, సెరామిక్ కండెన్సర్లు చాలావరకు ఇప్పటికీ బాగుంటాయి, ఊరికే కదిలించకండి. కార్బన్ రెసిస్టర్ల (కరెంటుని నిరోధించే పార్టులు) విలువ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది, మీటరు పెట్టి చూసి అసలు విలువ కంటే 20 శాతం దాటి పెరిగినవాటినే తీయండి. ఒకటి మార్చాక ఆన్ చేసి చూసి, అప్పుడు రెండోది.

అపోహ: పాడుతోంది కదా, కండెన్సర్లు బాగున్నట్టే.

నేనూ ఇలాగే అనుకుని ఒక సెట్టును గంటసేపు వదిలేశాను. వెనక నుంచి చూస్తే స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వ్ లోపలి ప్లేటు ఎర్రగా కాలుతోంది, పాట మాత్రం హాయిగా వస్తోంది! దాని గ్రిడ్‌కి (వాల్వ్‌లో కరెంటుని అదుపు చేసే తీగ జాలీ) పాట సిగ్నల్‌ని మాత్రమే పంపి, డీసీ వోల్టేజిని ఆపాల్సిన కప్లింగ్ కండెన్సర్ లీకు. 10 మైక్రో ఆంపియర్లు కారినా 470 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టర్ మీద 4.7 వోల్టులు నిలుస్తాయి, వాల్వ్‌లో కరెంటు అదుపు తప్పుతుంది, అలాగే నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. గ్రిడ్ దగ్గర పాజిటివ్ వోల్టేజి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

అపోహ: ఎక్కువ వోల్టుల కండెన్సర్ వేయకూడదు, ఎక్కువ మైక్రోఫారడ్లది (కండెన్సర్ నిల్వ సామర్థ్యం కొలత) వేస్తే మంచిది.

సరిగ్గా తలకిందులు. 350 వోల్టుల చోట 450ది నిశ్చింతగా వేయొచ్చు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వ్ పక్కనే ఉన్న 16 మైక్రోఫారడ్లది తీసి 100 వేస్తే మాత్రం, అది ఛార్జ్ అయ్యే ప్రతిసారీ గుంజే కరెంటుకి వాల్వ్ ఆయుష్షు తరిగిపోతుంది.

అపోహ: ప్లగ్ పీకేశాం, ఇక షాక్ రాదు.

డీసీలో ఒడిదుడుకుల్ని సమం చేసే ఫిల్టర్ కండెన్సర్‌లో 300 వోల్టులు అలాగే నిలిచి ఉండొచ్చు. దాని రెండు కొసల్నీ స్క్రూడ్రైవర్‌తో కలిపి ఫట్‌మనిపించడం మానేసి, కొన్ని కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి కాసేపు ఉంచండి, తర్వాత మీటరు పెట్టి చూసుకుని అప్పుడే చెయ్యి పెట్టండి.